డై స్ప్రింగ్ కొనేముందు రంగు కాదు, లెక్క చూడండి

పోయిన వానాకాలంలో మా టూల్ రూమ్‌కి ఒక డై (ప్రెస్‌లో పెట్టి షీటు కోసే అచ్చు) వచ్చింది, జపాన్‌లో చేసింది, కస్టమర్ వేరే షాపులో నడిపించి తర్వాత మాకు ఇచ్చాడు. స్ట్రిప్పర్ ప్లేట్ (పంచ్‌లకి పట్టుకున్న షీటుని విడిపించే ప్లేట్) వెనకాల ఎనిమిది ఆకుపచ్చ స్ప్రింగులు, అందులో ఒకటి విరిగి ఉంది. మా ఫిట్టర్ కుర్రాడు విరిగిన ముక్క జేబులో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకి వెళ్ళి అదే డయా, అదే పొడవు, అదే ఆకుపచ్చ రంగు చూసుకుని ఎనిమిదీ కొత్తవి తెచ్చాడు. "అన్నా, ఒక్కటే మారిస్తే బాగోదని అన్నీ మార్చేశా" అన్నాడు, ఆ మాట కరెక్టే. కానీ ప్రెస్ మీద ఎక్కించి పది స్ట్రోకులు కూడా కాలేదు, షీటు పంచ్‌లని పట్టుకుని పైకి లేచింది, ఆపేలోపు ఇంకో స్ట్రోక్ పడింది, రెండు పియర్సింగ్ పంచ్‌లు పుటుక్కున విరిగిపోయాయి.

అతను తెచ్చిన స్ప్రింగుల్లో నాణ్యత లోపం ఏమీ లేదు, మంచి సరుకే. రంగు ఒకటే, కానీ స్టాండర్డ్ వేరు, అంతే. ఇది చాలా షాపుల్లో జరుగుతోంది కానీ ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఈ రంగుల సంగతి తేల్చేద్దాం. ఐఎస్‌ఓ 10243, అంటే డై స్ప్రింగుల అంతర్జాతీయ స్టాండర్డ్ ప్రకారం అయితే ఆకుపచ్చ అన్నిటికంటే లైట్ లోడ్, తర్వాత నీలం మీడియం, ఎరుపు హెవీ, పసుపు ఎక్స్‌ట్రా హెవీ. మన దగ్గర మార్కెట్లో ఎక్కువగా కనిపించేది ఈ వరసే. జపాన్ పద్ధతిలో, అంటే జపాన్ కంపెనీ మిసుమి కాటలాగ్ లాంటి వాటిలో చూస్తే, పసుపు అన్నిటికంటే లైట్ (ఎస్‌డబ్ల్యూఎఫ్), నీలం లైట్ (ఎస్‌డబ్ల్యూఎల్), ఎరుపు మీడియం (ఎస్‌డబ్ల్యూఎం), ఆకుపచ్చ హెవీ (ఎస్‌డబ్ల్యూహెచ్), గోధుమ రంగు ఎక్స్‌ట్రా హెవీ (ఎస్‌డబ్ల్యూబీ). అమెరికా డైలు ఇంకో రకం, అక్కడ నీలం, ఎరుపు, బంగారు రంగు, ఆకుపచ్చ అని లోడ్ పెరుగుతూ పోతుంది, అంటే అక్కడ ఆకుపచ్చే అన్నిటికంటే గట్టిది. ఇప్పుడు చూడండి, ఒకే ఆకుపచ్చ ఐఎస్‌ఓలో అట్టడుగున, అమెరికాలో అన్నిటికంటే పైన. మా డైలో ఉన్నది జపాన్ ఆకుపచ్చ, కుర్రాడు తెచ్చింది ఐఎస్‌ఓ ఆకుపచ్చ.

మన భాషతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్లో "అన్నా, పచ్చ స్ప్రింగులు ఒక ఆరు పంపించు" అంటాం. కొందరికి పచ్చ అంటే ఆకుపచ్చ, కొందరికి పసుపు. ఐఎస్‌ఓలో ఆ రెండూ అటు చివర ఒకటి ఇటు చివర ఒకటి. దయచేసి ఫోన్లో పచ్చ అనే మాట వాడకండి, ఆకుపచ్చ అనో పసుపు అనో విడమర్చి చెప్పండి, ఇంకా మంచిది పార్ట్ నంబర్ చెప్పడం.

సరే, మరి రంగు కాకపోతే దేన్ని బట్టి ఎంచుకోవాలి? మూడు తెలియాలి, ఎంత బలం కావాలి, స్ప్రింగు మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది, ఎన్ని లక్షల స్ట్రోకులు నడవాలి. ఈ మూడూ కాగితం మీద ఉంటే రంగు దానంతట అదే బయటికొస్తుంది.

ఒక చిన్న బ్లాంకింగ్ డై (షీటులోంచి ముక్క కోసి తీసే డై) తీసుకుని లెక్క చేద్దాం. 1.6 మి.మీ. మైల్డ్ స్టీల్ షీటు, కట్ అయ్యే అంచు మొత్తం చుట్టుకొలత 120 మి.మీ. అనుకోండి. మైల్డ్ స్టీల్ షియర్ స్ట్రెంగ్త్ సుమారు 350 న్యూటన్/చ.మి.మీ. తీసుకుంటాం. కటింగ్ ఫోర్స్ అంటే చుట్టుకొలత ఇంటూ మందం ఇంటూ షియర్ స్ట్రెంగ్త్, 120 × 1.6 × 350 = 67,200 న్యూటన్లు, మన షాపు భాషలో దాదాపు 6.85 టన్నులు. స్ట్రిప్పింగ్ ఫోర్స్, అంటే పంచ్‌ల నుంచి షీటుని విడిపించే బలం, అందులో మామూలుగా 10 శాతం తీసుకుంటారు, కానీ అది రాతి మీద గీత కాదు. పంచ్‌కీ డైకీ మధ్య క్లియరెన్స్ టైట్‌గా ఉన్నా, పంచ్‌లు దగ్గర దగ్గరగా ఉన్నా, షీటు మందంగా ఉన్నా 15, ఒక్కోసారి 20 దాకా పోతుంది. ఇక్కడ 10 శాతమే అనుకుంటే 6,720 న్యూటన్లు. ఆరు స్ప్రింగులు పెట్టే జాగా ఉంటే ఒక్కోదానికి 1,120 న్యూటన్లు, అంటే ఒక్కో స్ప్రింగు దగ్గర దగ్గర 114 కిలోలు తొయ్యాలి.

ఇప్పుడు ట్రావెల్, అంటే స్ప్రింగు నొక్కుకునే దూరం. పంచ్ కొసకంటే స్ట్రిప్పర్ ప్లేట్ 1 మి.మీ. ముందుకు ఉంటుంది, షీటు మందం 1.6, పంచ్ డైలోకి 1.4 దిగుతుంది అనుకుందాం, మొత్తం 4 మి.మీ. వర్కింగ్ ట్రావెల్. దీనికి ముందు ప్రీలోడ్ ఉంటుంది, అంటే డై తెరిచి ఉన్నప్పుడే స్ప్రింగు కొంచెం నొక్కి పెట్టి ఉంచడం, ఇక్కడ 4 మి.మీ. ఇద్దాం. ప్రీలోడ్ లేకుండా పెడితే స్ప్రింగు పాకెట్‌లో గలగలలాడుతుంది, ప్రతి స్ట్రోక్‌కీ ప్లేట్ దాన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, అది తొందరగా పోతుంది. ఫ్రీ లెంగ్త్‌లో (నొక్కకుండా ఉన్నప్పటి పొడవు) కనీసం 5 శాతం అయినా ప్రీలోడ్ ఉండాలి అని నేను చూస్కుంటా.

అక్కడితో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ, కానీ రీగ్రైండింగ్ అనేది ఒకటి ఉంది. పంచ్ మొన మొద్దుబారిందని గ్రైండ్ చేస్తాం, ఒక్కోసారికి 0.2, 0.3 తీస్తాం, అలా డై జీవితంలో పంచ్ 4 మి.మీ. పొట్టి అయింది అనుకోండి. పంచ్ కొస ఎంత వెనక్కి పోతే స్ట్రిప్పర్ అంత ముందుకు ఉన్నట్టు లెక్క, స్ట్రిప్పర్ బోల్టు పొడవు సరిచెయ్యకపోతే స్ప్రింగు ఆ మేరకు ఎక్కువ నొక్కుకుంటుంది. డై కొత్తలో బ్రహ్మాండంగా నడిచి ఏడాది తర్వాత స్ప్రింగులు వరసగా విరగడం మొదలైంది అంటే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే. అందుకని ఈ 4 కూడా కలపాలి, 4 + 4 + 4 = 12 మి.మీ. ఇదీ మొత్తం డిఫ్లెక్షన్.

ఇప్పుడు అసలు పట్టు ఉన్న చోటు, శాతం. ఏ స్ప్రింగునైనా దాని ఫ్రీ లెంగ్త్‌లో ఎంత శాతం నొక్కుతున్నాం అన్నదే దాని ఆయుష్షు. ఐఎస్‌ఓ వరసలో ఎక్కువ కాలం నడవాలంటే ఆకుపచ్చ, నీలం 25 శాతం, ఎరుపు 20, పసుపు 17 దాకా నొక్కొచ్చు. గరిష్ఠం అంటే ఆకుపచ్చ 40, నీలం 37.5, ఎరుపు 30, పసుపు 25. కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మీరు కొనే కాటలాగ్‌లో ఆ పట్టిక చూసుకోండి. గమనించారా, స్ప్రింగు గట్టిదయ్యే కొద్దీ నొక్కుకునే ఓపిక తగ్గుతోంది. "గట్టిది వేసేద్దాం, ఏ గొడవా ఉండదు" అని పసుపు తెచ్చి నీలం ఉన్న చోట పెట్టేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, ట్రావెల్ అదే ఉంటుంది, పసుపుకి అంత ట్రావెల్ తట్టుకునే శక్తి లేదు, వారం తిరిగేసరికి ముక్కలు.

మన లెక్కకి వద్దాం. 12 మి.మీ. డిఫ్లెక్షన్, ఎరుపు 20 శాతం అంటే 12 ÷ 0.20 = 60 మి.మీ. కనీసం పొడవు. స్టాండర్డ్ పొడవుల్లో (25, 32, 38, 44, 51, 64, 76, 89, 102, 115, 127, 139, 152 అలా పోతాయి) 60కి పైన వచ్చేది 64. రేట్ (ధర కాదు, ఒక్క మి.మీ. నొక్కడానికి పట్టే బలం) చూద్దాం, కొత్త డైలో పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగు 8 మి.మీ. నొక్కుకుని ఉంటుంది, అప్పుడు 1,120 న్యూటన్లు కావాలి, 1,120 ÷ 8 = 140 న్యూటన్/మి.మీ. కాటలాగ్‌లో ఎరుపు, 64 పొడవు వరసలో రేట్ 140 లేదా దానికి కొంచెం పైన ఏ డయాకి వస్తుందో అదే మీ స్ప్రింగు. డైలో అంత డయాకి చోటు లేకపోతే చిన్న డయావి ఎనిమిదో పదో పెట్టండి, లేదా పసుపుకి వెళ్ళండి, కానీ పసుపుకి వెళ్తే 12 ÷ 0.17 = 70.6 కాబట్టి పొడవు 76 అవుతుంది, డై షట్ హైట్‌లో (మూసినప్పటి ఎత్తులో) ఆ పొడవుకి చోటుందో లేదో చూస్కోవాలి. ఒకటి గుర్తుంచుకోండి, అదే రంగు, అదే డయాలో పొడవు పెరిగితే రేట్ తగ్గుతుంది, పొడవు రెట్టింపైతే రేట్ దాదాపు సగం. అందుకే పొడవు మార్చిన ప్రతిసారీ రేట్ మళ్ళీ చూడాలి.

స్ట్రోకుల లెక్క చాలామంది వెయ్యరు. నిమిషానికి 60 స్ట్రోకుల ప్రెస్, ఎనిమిది గంటల షిఫ్టు, ఆగకుండా నడిస్తే 28,800 స్ట్రోకులు. అంటే 35 షిఫ్టులకి పది లక్షలు దాటిపోయినట్టే. రెండు షిఫ్టుల షాపులో అది మూడు వారాల పని కూడా కాదు. మిసుమి వాళ్ళ హెవీ రకం (ఎస్‌డబ్ల్యూహెచ్) తీసుకుంటే 3 లక్షల స్ట్రోకులకి 24 శాతం నొక్కొచ్చు అని ఇస్తారు, 5 లక్షలకి 21.6, పది లక్షలకి 19.2. చూడండి, 24 నుంచి 19.2కి తగ్గించుకుంటే ఆయుష్షు మూడు రెట్లు పైన. 64 పొడవు స్ప్రింగులో ఆ తేడా 3 మి.మీ. మాత్రమే. నెలకి వెయ్యి పీసులు కొట్టే డైకి గరిష్ఠానికి దగ్గరగా పెట్టినా నష్టం లేదు, ఒక్కో స్ట్రోక్‌కీ షీటు ముందుకు జరుగుతూ వరసగా పని జరిగే ప్రోగ్రెసివ్ డైకి మాత్రం లాంగ్ లైఫ్ కాలమ్ దాటొద్దు.

డయా గురించి కొంచెం. డై స్ప్రింగు సైజు చెప్పేటప్పుడు వైర్ డయా చెప్పం, ఏ హోల్‌లో పడుతుంది, లోపల ఏ రాడ్ పోతుంది అని చెప్తాం. 10 హోల్‌కి 5 రాడ్, 12.5కి 6.3, 16కి 8, 20కి 10, 25కి 12.5, 32కి 16, 40కి 20, 50కి 25, 63కి 38. 25 హోల్ అని ఉంటే స్ప్రింగు బయట డయా 25 కంటే కొంచెం తక్కువే చేసి ఉంటారు, నొక్కినప్పుడు ఉబ్బడానికి ఆ ఖాళీ. కాబట్టి మీరు 25 హోలే వెయ్యండి, మళ్ళీ మీ తరఫున క్లియరెన్స్ కలిపి 27 చెయ్యకండి. అసలు 24 ఎండ్‌మిల్ ఉంది కదా అని 24 హోల్ వేసి స్ప్రింగు బయట గ్రైండర్‌తో అరగదీసి దూర్చడం నేను కళ్ళారా చూశాను, అది చాలా తప్పు, అరగదీసిన గీత దగ్గరే పగులు మొదలవుతుంది.

పాకెట్ అడుగు ఫ్లాట్‌గా ఉండాలి, ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ నా అనుభవంలో సగం విరుగుళ్ళు ఇక్కడివే. డ్రిల్ వేసి వదిలేస్తే అడుగున డ్రిల్ కొస కోన్ ఉండిపోతుంది, స్ప్రింగు చివర చుట్టు దాని మీద అంచుతో నిలబడుతుంది, ఒక పక్కకి ఒరిగి నొక్కుకుంటుంది. విరిగిన స్ప్రింగు తీసి చూడండి, ఒకవైపు మాత్రమే రంగు గీరుకుపోయి మెరుస్తూ ఉంటే అది ఒరిగి నడిచింది అని అర్థం. ఎండ్‌మిల్‌తో గానీ కౌంటర్ బోర్‌తో గానీ అడుగు చదును చేసి, పాకెట్ మూతి దగ్గర చాంఫర్ కొట్టండి. పొడవు డయాకి మూడున్నర, నాలుగు రెట్లు దాటితే స్ప్రింగు మధ్యలో వంగుతుంది, అప్పుడు రాడ్ గానీ లోతైన పాకెట్ గానీ తప్పనిసరి. రాడ్ పెడితే హార్డెన్ చేసి నునుపుగా గ్రైండ్ చేసింది పెట్టండి, మెత్తటి రాడ్ మీద చుట్లు గాడి చేసేస్తాయి, ఆ గాడిలోనే ఇరుక్కుంటాయి.

స్ప్రింగులని ప్లేట్ మీద ఎక్కడ పెట్టాలి అన్నప్పుడు నాలుగు మూలలా పెట్టేసి అయిపోయింది అనుకోకండి. పంచ్‌లు ఒక పక్కకే ఉంటే బలం కూడా ఆ పక్కే ఎక్కువ కావాలి, లేకపోతే స్ట్రిప్పర్ వంకరగా లేస్తుంది, సన్న పంచ్‌ల మెడ విరిగేది అలానే. సన్న పంచ్‌ల దగ్గరగా ఒకటో రెండో స్ప్రింగులు ఉండేలా చూడండి.

ఇక ఇంజెక్షన్ మోల్డుల సంగతి, ఇది వేరే లోకం. ఇక్కడ స్ప్రింగు పని ఎజెక్టర్ ప్లేట్‌ని (పీసుని మోల్డులోంచి బయటికి తోసే పిన్నుల ప్లేట్) వెనక్కి తేవడం, పెద్ద బలం అక్కర్లేదు, ట్రావెల్ మాత్రం చాలా ఎక్కువ. అందుకే మోల్డుల్లో ఐఎస్‌ఓ ఆకుపచ్చ లేదా నీలం సరిపోతాయి, ఎరుపు, పసుపు పెట్టాలని ఆశపడకండి. ఎజెక్షన్ స్ట్రోక్ 30 మి.మీ., ప్రీలోడ్ 10 అనుకుంటే మొత్తం 40. 30 శాతం నొక్కితే 40 ÷ 0.30 = 133, అంటే 139 పొడవు, ఇంకా ఎక్కువ కాలం కావాలంటే 40 ÷ 0.25 = 160, స్టాండర్డ్‌లో పైది 178. మోల్డు హైట్ సరిపోలేదని 102 పెడతారు, అది 39 శాతం దాకా నొక్కుకుంటుంది, నీలం అయితే గరిష్ఠం దాటినట్టే, ఆకుపచ్చ అయితే గరిష్ఠం అంచున నడుస్తుంది, నడుస్తుంది కానీ నిద్రపట్టదు. మెషీన్ మీద ప్లేట్ నిలువుగా ఉంటుంది కాబట్టి బరువు గైడ్ పిన్నుల మీద పడి రాపిడి వస్తుంది, నాలుగు స్ప్రింగుల ప్రీలోడ్ కలిపి ప్లేట్ బరువుకి కనీసం రెట్టింపు ఉండేలా నేను చూస్తాను. మోల్డు మూసేటప్పుడు ఆ ప్లేట్‌ని వెనక్కి నెట్టే రిటర్న్ పిన్నులు మాత్రం తీసెయ్యకండి, స్ప్రింగు ఉంది కదా అని వాటిని వదిలేస్తే ఒక స్ప్రింగు విరిగిన రోజు ఎజెక్టర్ పిన్నులు కోర్‌లోంచి బయటికే ఉండి కావిటీని గుద్దుతాయి, ఆ కావిటీ ఖర్చు ముందు వంద స్ప్రింగులు లెక్కలోకి రావు. స్లైడ్ (పక్కకి జరిగే మోల్డు ముక్క) ఉన్న మోల్డు అయితే స్లైడ్ మెషీన్ మీద పైవైపు ఉందా కిందవైపు ఉందా చూడండి, పైవైపు ఉంటే మోల్డు తెరిచినప్పుడు అది జారి కిందకి పడకుండా స్ప్రింగే మొయ్యాలి, దాని బరువుకి రెట్టింపు బలం ఇవ్వండి.

వేడి కూడా చూస్కోండి. క్రోమ్ వెనేడియం వైరు 200 డిగ్రీల చుట్టుపక్కల దాకా, క్రోమ్ సిలికాన్ ఇంకొంచెం పైదాకా, 240, 250 వరకు తట్టుకుంటాయి, కానీ వేడిలో లోడ్ కొంత తగ్గుతుంది. మామూలు ప్లాస్టిక్ మోల్డుకి ఇది పెద్ద సమస్య కాదు, ప్రెషర్ డై కాస్టింగ్‌లో మాత్రం స్ప్రింగుని వేడి బ్లాకుకి దూరంగా పెట్టే మార్గం ముందే ఆలోచించాలి.

చెయ్యకూడని పని ఒకటి గట్టిగా చెప్తా, స్ప్రింగు కొయ్యకండి. పొడవు కొంచెం ఎక్కువైందని కటింగ్ వీల్‌తో రెండు చుట్లు కోసి గ్రైండర్ మీద చివర పట్టించేవాళ్ళు ఉన్నారు. చుట్లు తగ్గితే రేట్ పెరుగుతుంది, మీరు వేసిన లెక్క పోయింది. కోసిన చోట వేడికి టెంపర్ పోయింది. ఫ్యాక్టరీలో చదునుగా చేసిన చివర పోయి వంకరగా కూర్చుంటుంది. దాని పక్కన వెల్డింగ్ చేసేటప్పుడు కూడా స్ప్రింగులు తీసి చెయ్యండి, ఒక్క స్పాటర్ చుక్క పడ్డా చాలు పగులు అక్కడ పుడుతుంది. ఒక స్ప్రింగు లోపల ఇంకో చిన్న స్ప్రింగు పెట్టాలనుకుంటే రెండిటి చుట్లు ఎదురెదురు దిక్కులు తిరగాలి, ఒకే దిక్కు అయితే ఒకదాని సందులో ఇంకొకటి ఇరుక్కుంటుంది.

ఎంత లెక్క వేసినా బలం చాలట్లేదు, చోటు లేదు అంటే నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగుకి వెళ్ళిపోవాలి. కాయిల్ స్ప్రింగు నొక్కే కొద్దీ బలం పెరుగుతుంది, గ్యాస్ స్ప్రింగు మొదటి మిల్లీమీటర్ నుంచే దాదాపు పూర్తి బలం ఇస్తుంది. ఖరీదు ఎక్కువ, లోపల 150 బార్ దాకా ప్రెషర్ ఉంటుంది కాబట్టి గ్యాస్ వదలకుండా దాన్ని విప్పే ప్రయత్నం ఎవరూ చెయ్యకూడదు.

మెయింటెనెన్స్‌లో నేను చేసేది ఇంతే. డై షార్పెనింగ్‌కి వచ్చినప్పుడల్లా స్ప్రింగులన్నీ తీసి వెర్నియర్‌తో ఫ్రీ లెంగ్త్ కొలిచి డై కార్డులో రాస్తా. 64 ఉండాల్సింది 62.5 చూపిస్తే అది సెట్ అయిపోయింది, అంటే శాశ్వతంగా కుంగిపోయింది, బలం తగ్గింది, స్ప్రింగులన్నీ మార్చేస్తా. కొత్తవి పాతవి కలిపితే కొత్తవి భారం అంతా మోసి ముందు అవే విరుగుతాయి. విప్పేటప్పుడు ఒక స్ట్రిప్పర్ బోల్టు పూర్తిగా తీసి రెండోదానికి వెళ్ళకండి, అన్నీ కొంచెం కొంచెం ఎదురెదురుగా వదులు చెయ్యండి, ప్రీలోడ్‌లో ఉన్న ప్లేట్ ఒక్కసారి లేచిందంటే వేళ్ళు పోతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. స్ప్రింగు విరిగితే ముక్కలన్నీ దొరికాయో లేదో పక్కపక్కన పేర్చి చూసి అప్పుడే ప్రెస్ ఆన్ చెయ్యండి.

ఆ రెండు పంచ్‌లు విరిగిన డై సంగతి చెప్పలేదు కదా. పాత స్ప్రింగు ముక్క కొలిచి, కావాల్సిన బలం లెక్క వేసి, జపాన్ వరస హెవీ రకమే పార్ట్ నంబర్‌తో తెప్పించాం, పది పీసులు, ఎనిమిది డైకి, రెండు స్పేర్. డై కార్డు మీద మా కుర్రాడి చేతే రాయించా: "హోల్, రాడ్, పొడవు, ఎస్‌డబ్ల్యూహెచ్, జపాన్ వరస ఆకుపచ్చ, ఐఎస్‌ఓ ఆకుపచ్చ పెట్టరాదు". ఇప్పుడు అతను రాణిగంజ్ వెళ్ళేటప్పుడు విరిగిన ముక్క కాకుండా ఆ కార్డు ఫోటో తీసుకుని వెళ్తున్నాడు.